చదరపు అడుగులు లెక్కపెట్టారు, కిలోమీటర్లు మరిచారు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వెళ్తుంటే కొల్లూరు దగ్గర ఒక భవనాల గుంపు కంట పడుతుంది. కొత్తగా చూసేవాళ్లు ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గేటెడ్ కమ్యూనిటీ అనుకుంటారు. అది తెలంగాణ ప్రభుత్వం పేదలకు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయం. 117 బ్లాకులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు, 15,660 ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు: రెండు పడక గదులు, హాలు, వంటగది. లబ్ధిదారు పెట్టాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు. 2023 జూన్‌లో ప్రారంభోత్సవం జరిగినప్పుడు దీన్ని ఆసియాలోనే అతి పెద్దదని చెప్పుకున్నారు. ఖర్చు దాదాపు 1,490 కోట్ల రూపాయలు, అంటే ఇంటికి సుమారు తొమ్మిదిన్నర లక్షలు.

వెక్కిరించడానికి ఈ లెక్కలు చెప్పడం లేదు. నలభై ఏళ్లుగా పేదల ఇల్లంటే ఒక గది, ఒక వరండా, పైన రేకులు అనుకున్న చోట, పేదవాడికీ రెండు పడక గదులు కావాలని ఒక ప్రభుత్వం అనుకోవడం చిన్న విషయం కాదు. ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండాలన్న ఆలోచన అంతకు ముందు గృహనిర్మాణ పథకాల్లో పెద్దగా కనిపించదు. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

కానీ కొల్లూరు నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. అక్కడి ఇళ్లు ఎవరికి వస్తాయో తేల్చింది కంప్యూటర్ లాటరీ. నగరంలోని రకరకాల బస్తీల నుంచి దరఖాస్తు చేసుకున్నవారు ఆ డ్రాలో పేరు వస్తే ఇక్కడికి రావాలి. సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమి, ఇళ్లు తుడిచే ఒక మహిళను ఊహించుకోండి. ఉదయం ఆరున్నరకల్లా మొదటి ఇంటి గంట కొట్టాలి. పదకొండింటికి ఇంటికొచ్చి, సాయంత్రం మళ్లీ వెళ్లాలి. బస్తీలో ఉన్నంత కాలం ఇదంతా నడక దూరం. కొల్లూరు నుంచైతే ఆ రెండు విడతల పనీ కుదరదు, ఆ ఉద్యోగమే ఉండదు. మేస్త్రీ కింద పనిచేసే కూలీదీ అదే లెక్క. తెల్లవారేసరికి అడ్డా మీద నిలబడితేనే ఆ రోజు పని దొరుకుతుంది. పక్కింటావిడకు పిల్లవాణ్ని అప్పగించి పనికి పోయే వెసులుబాటు కూడా బస్తీతోనే పోతుంది. లాటరీలో ఇల్లు మాత్రమే వస్తుంది, పక్కింటావిడ రాదు.

అదే పథకంలో మొదట కట్టిన కాలనీ చూడండి. సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ. 2015 నవంబర్‌లో ప్రారంభమైంది, 396 ఇళ్లు. అక్కడ శిథిలమైపోయిన పాత ఇళ్లుండేవి. వాటిని కూల్చి, ఆ స్థలంలోనే కొత్తవి కట్టి, అక్కడివారికే ఇచ్చారు. బడి మారలేదు, రేషన్ దుకాణం మారలేదు, పని మారలేదు, ఇల్లు మాత్రం మారింది. పాతబస్తీ వైపు పిల్లిగుడిసెలు బస్తీలో 2021లో తెరిచిన 288 ఇళ్లదీ అదే పద్ధతి. గుడిసెలున్న చోటే మేడలు లేచాయి. ఈ రెండూ కలిపినా ఏడు వందల ఇళ్లకు చేరవు. కొల్లూరు ముందు అంకెల్లో ఇవి ఆనవు. కానీ తెలుగు నేల మీద గత పది పన్నెండేళ్లలో కట్టిన పేదల ఇళ్లలో చెప్పుకోదగ్గవి ఏవని అడిగితే నేను ముందు ఈ రెండు పేర్లే చెబుతాను.

మరి ప్రభుత్వాలు ఐడీహెచ్ దారిని వదిలి కొల్లూరు దారి ఎందుకు పట్టాయి? దుర్బుద్ధి ఏమీ అక్కర్లేదు, సులువుగా ఉంటుంది కనుక. బస్తీని కూల్చి అక్కడే కట్టాలంటే ముందు ప్రతి గుమ్మం ఎక్కి ఒప్పించాలి. కట్టేదాకా ఆ కుటుంబాలు ఎక్కడుండాలో చూడాలి. ఒకే గుడిసెలో ఇద్దరు అన్నదమ్ములుంటే ఎన్ని ఇళ్లివ్వాలో తేల్చాలి. నేల ఎవరిదన్న కోర్టు కేసులు తెమలాలి. మధ్యలో పనులు ఆగితే ఖాళీ చేసినవాళ్లు రోడ్డెక్కుతారు. నగరం బయట ఖాళీ ప్రభుత్వ భూమిలో ఈ బాధ ఏదీ లేదు. గుత్తేదారుకు పెద్ద పని ఒకే చోట దొరుకుతుంది, అధికారికి లక్ష్యం ఒకేసారి తీరుతుంది, నాయకుడికి హెలికాప్టర్ నుంచి తీసిన ఫొటో వస్తుంది. గ్రేటర్ హైదరాబాద్‌లో లక్ష ఇళ్లన్న లక్ష్యం పెట్టుకున్నాక, 288 చొప్పున కట్టుకుంటూ పోయే ఓపిక ఎవరికుంటుంది?

కృష్ణ దాటి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్తే కొలమానం మారుతుంది. అక్కడ మాట చదరపు అడుగులతో మొదలవదు, సెంట్లతో మొదలవుతుంది. 2020 డిసెంబర్ 25న తూర్పు గోదావరి జిల్లా కొమరగిరిలో మొదలైన ‘నవరత్నాలు-పేదలందరికీ ఇళ్లు’ కింద 30 లక్షలకు పైగా పట్టాలు మహిళల పేరిట ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు లేపితే, గోడకూ గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. గేదెను కట్టుకునే చోటుండదు, మునగ చెట్టు నాటే చోటుండదు, పెళ్లయిన కొడుకు కోసం ఒక గది పెంచే చోటు అసలే ఉండదు. సెంటు స్థలం ఇల్లు కట్టడానికి చాలుతుందా అన్న వాదన హైకోర్టు దాకా వెళ్లింది. 2021లో ఏకసభ్య ధర్మాసనం అభ్యంతరం చెబితే, డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టింది. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు ఇస్తామంది. మంచిదే. అయితే అంత నేల ఊరికి ఎంత దూరంలో దొరుకుతుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఎందుకంటే గత విడతలో దెబ్బతిన్నది అక్కడే. ఒకేసారి లక్షల స్థలాలు కావాలంటే ఊరికి ఆనుకున్న మెరక భూమి దొరకదు, దొరికినా ధర అందదు. మిగిలేది పల్లం. రాజమహేంద్రవరం దగ్గర వానొస్తే నీళ్లు నిలిచే ఆవ భూములను ఇళ్ల స్థలాల కోసం తీసుకోవడం ఎంత వివాదమైందో గోదావరి జిల్లాల వారికి చెప్పనక్కర్లేదు. ఇంటికి ప్రభుత్వ సాయం 1.80 లక్షలు, దానికి తోడు 20 టన్నుల ఉచిత ఇసుక. పల్లంలో పునాది మెరక చేసుకునేసరికే ఆ డబ్బులో ఎంత పోతుందో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. సొంతంగా కట్టుకోలేనివారు ‘ఆప్షన్-3’ పెట్టుకున్నారు, అంటే కట్టే పని ప్రభుత్వమే చూసుకోవాలని. గుత్తేదార్లు మధ్యలో వదిలేసిన పునాదులూ, మొండిగోడలూ ఎక్కువగా కనిపించేది ఈ మూడో రకంలోనే. గిట్టని ధరకు ఒప్పుకున్నవాడు ఏదో ఒక దశలో చేతులెత్తేస్తాడు.

పట్టణ పేదల కోసం టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ చేపట్టిన ఇళ్ల కథ ఇంకాస్త చేదు. 2014-19 మధ్య మొదలైన ఈ పథకంలో కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్షన్నర ఇస్తే, మిగిలింది లబ్ధిదారు వాటా, బ్యాంకు రుణం. షియర్ వాల్ పద్ధతిలో, ఇటుక లేకుండా అచ్చుల్లో కాంక్రీటు పోసి, కింది అంతస్తు మీద మరో మూడంతస్తులు లేపి ఇళ్లు కట్టారు. కొలతలు మూడు: 300, 365, 430 చదరపు అడుగులు. నిర్మాణంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. 2019లో ప్రభుత్వం మారింది. ఐదు లక్షల ఇళ్లన్న లెక్క 2.62 లక్షల ఇళ్లకు దిగింది. 300 చదరపు అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే అన్నారు, మిగతా రెండు రకాలకూ లబ్ధిదారు వాటాను సగానికి తగ్గించారు. అదంతా మేలే. కానీ గోడలు లేచిన బ్లాకులు ఏళ్ల తరబడి నీటి గొట్టాల కోసం, డ్రైనేజీ కోసం, రోడ్ల కోసం పడి ఉన్నాయి. గుడివాడలో 8,912 ఇళ్లను 2023 జూన్‌లో గానీ అప్పగించలేదు. ఈలోపు తాళంచెవి చేతికి రాకముందే బ్యాంకుల నుంచి వాయిదాల నోటీసులు అందుకున్న కుటుంబాలున్నాయి. అద్దె ఇంట్లో ఉంటూ అద్దె కడుతూ, ఇంకా అడుగు పెట్టని ఇంటికి కిస్తు కట్టమంటే ఏ కుటుంబం తట్టుకుంటుంది? ప్రభుత్వం మారగానే గోడల రంగు మార్చడానికి మాత్రం ఎక్కడా ఆలస్యం కాలేదు, అది వేరే సంగతి.

అంతస్తుల ఇళ్లతో ఇంకో చిక్కుంది. దాని గురించి ప్రారంభోత్సవం నాడు ఎవరూ మాట్లాడరు. పదో అంతస్తులో ఉండేవారికి లిఫ్టు సౌకర్యం కాదు, దారి. అది ఆగిన రోజు మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఇంట్లోనే ఖైదు. లిఫ్టుకు, మోటారుకు, సంపుకు, మెట్ల మీద దీపాలకు నెలనెలా డబ్బు కావాలి. మధ్యతరగతి అపార్ట్‌మెంట్లలోనే మెయింటెనెన్స్ వసూలు చేయడం సంఘం కార్యదర్శికి తలనొప్పి. రోజు కూలీ మీద బతికేవారి దగ్గర నెలకు వెయ్యి రూపాయలు ఎవరు అడుగుతారు, ఎలా అడుగుతారు? కింద దుకాణాలు కట్టి వాటి అద్దెతో ఈ ఖర్చు వెళ్లదీయాలన్న ఆలోచన ఉంది. ఊరి మధ్య ఉన్న చోట దుకాణం నడుస్తుంది, అద్దె వస్తుంది. జనం ఇంకా పూర్తిగా చేరని చోట దుకాణమే తెరుచుకోదు. మళ్లీ తిరిగి తిరిగి దూరం దగ్గరికే వచ్చాం.

డబుల్ బెడ్‌రూం ఇళ్లను కొందరు అద్దెకు ఇచ్చేశారని ఫిర్యాదులు వచ్చాయి, అధికారులు తనిఖీలు చేశారు, నోటీసులిచ్చారు. దీన్ని మోసంగానే చూడటం నాకు సమ్మతం కాదు. దూరాన వచ్చిన ఇల్లు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో పని దగ్గర చిన్న గది తీసుకున్నవాడు తనకు తెలిసిన లెక్క వేసుకున్నాడు. ప్రభుత్వం వేయాల్సి ఉండి వేయని లెక్క అది. ఇల్లు అక్కర్లేనివాళ్లు, సిఫార్సుతో సంపాదించినవాళ్లు లేరని కాదు, ఉంటారు. ఇద్దరినీ ఒకే నోటీసుతో కొట్టడమే తప్పు.

అసలు అద్దె అన్న మాట మన పథకాల్లో ఎందుకు వినిపించదు? మూసీ వరద 1908లో హైదరాబాద్‌ను ముంచిన తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీలు తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు నగరంలో నేటికీ నిలిచి ఉంది. తర్వాత వచ్చిన పథకాలన్నీ పట్టా చుట్టే తిరిగాయి. పట్టా చేతిలో పెడితే ఫొటో వస్తుంది, ఓటూ వస్తుంది. అద్దె ఇంటికి ఆ వైభవం లేదు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి ఆరు నెలలు పనిచేసి వెళ్లే కూలీకి సొంత ఇల్లు కాదు, నెలకు భరించగల అద్దెకు శుభ్రమైన గది కావాలి. 2020లో కేంద్రం అందుబాటు అద్దె గృహాల పథకమొకటి తెచ్చింది. తెలుగు రాష్ట్రాల రాజకీయాల్లో దాని ఊసు ఎన్నడూ బలంగా వినిపించలేదు.

దూరం ఎప్పటికీ దూరంగానే ఉంటుందా అని ఎవరైనా అడగవచ్చు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీనే చూడమనవచ్చు. అప్పట్లో అదీ ఊరవతలే. ఇ.డబ్ల్యు.ఎస్. (ఆర్థికంగా బలహీనులు), ఎల్.ఐ.జి. (అల్పాదాయం), ఎం.ఐ.జి. (మధ్యాదాయం) అంటూ ఆదాయాన్ని బట్టి ఇళ్లు కట్టి ఇచ్చారు. ఇప్పుడు అక్కడ ఎల్.ఐ.జి. ఇంటి స్థలంలో నాలుగంతస్తులు లేచి, కింద హాస్టలు, పైన కోచింగ్ సెంటరు నడుస్తున్నాయి. నిజమే. కానీ అక్కడ ఇల్లు ఒక నేల ముక్క మీద ఉంది, దాన్ని పెంచుకునే వీలుంది, చుట్టుపక్కల పరిశ్రమలు ముందే ఉన్నాయి, బస్సులు వచ్చాయి. వాయిదాలు కట్టగల జీతగాళ్లు చాలామంది ఉన్నారు. పదో అంతస్తు ఫ్లాటు అలా పెరగదు. పైగా, ఆ కాలనీలో ఈనాడు ఒక పేద కుటుంబం ఇల్లు కొనగలదా? పేదల పేరుతో మొదలైన కాలనీ నగరం చేరువయ్యేసరికి పేదలకు అందకుండా పోయింది.

మధ్యతరగతి కోసం 2007లో పుట్టిన రాజీవ్ స్వగృహ పథకం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. బండ్లగూడ, పోచారం టవర్లు ఏళ్ల తరబడి అమ్ముడుపోక మొండిగా నిలిచి, 2022లో లాటరీలకూ వేలాలకూ వచ్చాయి. ఆపడానికి ఒక ప్రభుత్వం చాలు, ముగించడానికి రెండు మూడు కావాల్సి వచ్చింది.

తెలంగాణలో ఇప్పుడు గాలి మళ్లీ సొంత స్థలం వైపు తిరిగింది. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో స్థలం ఉన్నవారికి ఐదు లక్షలిస్తారు. బేస్‌మెంట్ నుంచి స్లాబు దాటి పూర్తయ్యేదాకా దశలవారీగా బిల్లు పడుతుంది, ఇల్లు నాలుగు వందల చదరపు అడుగులకు తగ్గకూడదు, ఆరు వందలు దాటకూడదు. పల్లెకు ఇది సరైన మందు. తన నేల మీద తనకు నచ్చిన మేస్త్రీతో, వాకిలి ఎటు పెట్టాలో తానే చెప్పి కట్టించుకునే ఇల్లు ఖాళీగా ఉండదు. చిక్కంతా నగరంలో. అర్హుల జాబితాలో ఎల్-1 అంటే స్థలం ఉన్నవారు, ఎల్-2 అంటే స్థలమూ ఇల్లూ రెండూ లేనివారు. హైదరాబాద్‌లో పేదలంటే ఎక్కువగా ఎల్-2. ఐదు లక్షలు చేతిలో పెట్టినా ఆ నగరంలో వాళ్లు ఎక్కడ పునాది తీస్తారు?

2024 అక్టోబర్ నాటికి మూసీ మళ్లీ వార్తల్లోకి వచ్చింది, ఈసారి వరదతో కాదు. నది ప్రక్షాళన కోసం అధికారులు నదీగర్భంలోని ఇళ్లకు ఎర్ర అక్షరాలతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ కుటుంబాలను మలక్‌పేటలోని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. అటూ ఇటూ కలిపి రెండు మూడు కిలోమీటర్లే. అదే నది ఒడ్డున ఇంకొన్ని చోట్ల మాత్రం జనం తలుపులు వేసుకుని గుర్తులు వేయనివ్వలేదు. విద్యా సంవత్సరం మధ్యలో పిల్లల బడి సంగతేమిటి, పని సంగతేమిటి, పంపేది ఎటు అని అడిగారు. ఇల్లు ఎన్ని చదరపు అడుగులన్న ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది.