పిల్లల డాక్టర్ అంటే సగం డోసు డాక్టర్ కాదు

అమెరికాలో జనవరి 28 జాతీయ పిల్లల డాక్టర్ల దినోత్సవం. ఆ తేదీ దగ్గరపడితే చాలు, ఇక్కడి తెలుగువాళ్ల ఫోన్లలో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇదీ: "పెద్దల మందే సగం చేసి రాస్తారు. చూసేవి జలుబూ దగ్గూ. టీకాల పేరుతో డబ్బు గుంజుతారు. మార్చి 30న డాక్టర్లందరికీ కలిపి ఒక రోజు ఉండనే ఉంది, వీళ్లకు మళ్లీ వేరే ఎందుకు?" చాలామంది సరదాగానే పంపుతారు. కానీ నమ్మేవాళ్లలో పసిపిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ సగం మందు సంగతి. ఇది తప్పే కాదు, ప్రమాదం కూడా. పిల్లల మందులు చాలావరకు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడతారు. క్లినిక్‌లో అడుగుపెట్టగానే ముందు తూకం వేసేది అందుకే. ఏడాది తిరిగేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు దాదాపు మూడు రెట్లవుతుంది, కాబట్టి మూడు నెలల కిందటి డోసు ఇవాళ పనికిరాదు. పోనీ బరువు లెక్క సరిపోతే చాలా? అదీ చాలదు. 1950ల చివర్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన కొందరు పసికందులు బూడిద రంగుకు తిరిగి ప్రాణాలు వదిలారు. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపలేదు, అది ఒంట్లోనే పేరుకుపోతుంది. దానికి గ్రే బేబీ సిండ్రోమ్ అని పేరుపెట్టారు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చని తేలాక, 1986 నుంచి అమెరికాలో ఆ డబ్బాల మీద హెచ్చరిక ముద్రించడం తప్పనిసరైంది. ఇంట్లో ఉండే తేనె కూడా అంతే. ఏడాది నిండని బిడ్డకు బొటులిజం అనే తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, చుక్క కూడా నాకించకూడదు. సగం, పావు అన్న లెక్కకు అక్కడ చోటే లేదు.

రెండోది, జలుబూ దగ్గూ. మా బాబుకు 18 రోజులప్పుడు ఒక రాత్రి ఒళ్లు వెచ్చగా తగిలింది. చూస్తే 100.6. దుప్పటి ఎక్కువ కప్పామేమో అనుకున్నాం. టెన్షన్ ఆగక రెండింటికి క్లినిక్ నంబరుకు ఫోన్ చేస్తే, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ముందు ఒక్కటే అడిగారు: "ఎన్ని రోజుల బిడ్డ?" చెప్పగానే, "మందేమీ వెయ్యకండి, ఇప్పుడే ఎమర్జెన్సీకి బయల్దేరండి" అన్నారు. నెల నిండని బిడ్డకు 100.4 చేరితే తెల్లారేదాకా ఆగకూడదని మాకప్పటిదాకా తెలియదు.

అక్కడి పిల్లల డాక్టర్ బాబు బట్టలు విప్పించి, ముట్టుకోకుండా ఒక నిమిషం పాటు చూస్తూ నిలబడ్డారు. పక్కలు ఎగరేస్తున్నాడేమోనని చూస్తున్నారట. ముట్టుకుంటే ఏడుస్తాడు, ఏడిస్తే ఊపిరి లెక్క తప్పుతుంది. ఆ తర్వాతే స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి గుండె మీద పెట్టారు. మాడు మీద రెండు వేళ్లు ఆనించి చూశారు. రక్తం, మూత్రం, వెన్నులోంచి నీరు పరీక్షకు పంపారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. వెచ్చదనం తప్ప బయటికి ఇంకే లక్షణమూ లేదు. నొప్పెక్కడో చెప్పలేని రోగిని చూసే పని అది.

ఆ పని క్లినిక్ గుమ్మంలోనే ఆగదు కూడా. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు చెబుతున్న రోజుల్లో, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2015 సెప్టెంబరులో లెక్కలతో బయటపెట్టింది మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరే. మొదట ఆమెదే తప్పన్నారు, కొద్ది రోజులకే ఒప్పుకోక తప్పలేదు.

ఇక డబ్బు. అమెరికాలో అతి తక్కువ సంపాదించే స్పెషలిస్టుల్లో పిల్లల డాక్టర్లు ఒకరు. బీమా లేని పిల్లలకూ మెడికెయిడ్‌లో (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా) ఉన్న పిల్లలకూ 1994 నుంచి ప్రభుత్వ పథకం కింద టీకా మందు ఉచితం. హిబ్ అనే బాక్టీరియాకు టీకా రాకముందు ఈ దేశంలో ఏటా సుమారు 20,000 మంది అయిదేళ్లలోపు పిల్లలకు దానివల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటి తీవ్రమైన జబ్బులు వచ్చేవి, వెయ్యి మంది దాకా చనిపోయేవారు. ఇప్పుడు ఆ కేసులు చాలా అరుదు. డబ్బే కావాలనుకునేవాళ్లు రోగాన్ని రాకుండా ఆపుతారా?

చివరిది, వేరే ఎందుకన్న ప్రశ్న. ఇది వందేళ్ల నాటిది. తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్రం డబ్బిచ్చేలా 1921లో షెపర్డ్ టౌనర్ చట్టం వచ్చింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని వ్యతిరేకించింది, అందులోని పిల్లల డాక్టర్ల విభాగం మాత్రం 1922లో సమర్థించి చీవాట్లు తింది. ఆ గొడవ లోలోపల రగిలి, 1930లో 35 మంది పిల్లల డాక్టర్లు కలిసి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే సొంత సంఘాన్ని విడిగా పెట్టుకున్నారు. పిల్లల తరఫున మాట్లాడాలంటే అప్పుడు వేరుపడాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఫోనెత్తిన డాక్టరమ్మ పేరు అడగాలన్న ధ్యాస కూడా మాకు లేదు. ఈ 28న ఆ క్లినిక్‌కు ఒక కార్డు పంపుతున్నాం, పైన "రాత్రి రెండింటి ఫోన్, 18 రోజుల బాబు" అని రాసి.