సవరణ: పర్సివరెన్స్ సెల్ఫీ తీసిందెవరు?
బిర్లా ప్లానిటోరియం చూసొచ్చాక పెట్టిన పోస్టులో, అంగారకుడి మీద పర్సివరెన్స్ రోవర్ ఫోటోను పక్కనున్న ఇంజన్యూటీ హెలికాప్టర్ తీసిందని ఉంది. దాన్ని ఇలా చదవండి: 2021 ఏప్రిల్ 6న ఆ ఫోటో తీసింది రోవరే, రోబో చేతి చివరనున్న వాట్సన్ కెమెరాతో.

మన ఫోన్ సెల్ఫీలా ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు. చేతిని కొంచెం కొంచెం జరుపుతూ తీసిన 62 ఫోటోలను తర్వాత భూమ్మీద కలిపారు. ఒక ఫోటోలో చెయ్యి అడ్డొచ్చిన చోటును మరో ఫోటో కప్పేస్తుంది. అందుకే ఎవరో ఎదురుగా నిలబడి తీసినట్టు అనిపిస్తుంది (నాకైతే ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది).

ఆ రోజుకి హెలికాప్టర్ ఇంకా ఎగరనే లేదు, సుమారు 4 మీటర్ల దూరంలో నేల మీదే ఉంది. మొదటిసారి ఎగిరింది ఏప్రిల్ 19న. గాల్లోంచి అది రోవర్‌ను ఫోటో తీసిన మాటా నిజమే, కానీ అది ఏప్రిల్ 25 నాటి వేరే ఫోటో.