మాగాయ మరక

మా అపార్ట్‌మెంటు మేడ మీద నెలకో సినిమా వేస్తుంటాం. మొన్న వంతు నాది. సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలీ’ అన్నాను. "ఫైట్లున్నాయా?" అని అడిగారు సెక్రటరీ గారు. "ప్రతీకలున్నాయి" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

వారం రోజులు కష్టపడి చదివాను. దానికి మూలమైన బిభూతిభూషణ్ నవల అనువాదం తిరగేశాను, నోట్సు రాసుకున్నాను. ప్రొజెక్టరు మేనల్లుడిది, తెర మా ఇంటి దుప్పటి. అన్నీ మోసుకొచ్చి, కళ్ళజోడు మాత్రం కింద టీవీ మీద మర్చిపోయాను.

రెల్లు పొదల మధ్య అక్కాతమ్ముళ్ళు రైలు కోసం వెతికే ఘట్టం రాగానే సినిమా ఆపి లేచి నిలబడ్డాను. "నవలలో దుర్గకి రైలు చూసే రాతే లేదండీ. నాకు నయమయ్యాక రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడిగి, చూడకుండానే పోతుంది. సత్యజిత్ రాయ్ ఆ పిల్లని కూడా రైలు వైపు పరిగెత్తించాడు. తెల్లటి పూల పైన ఆ నల్లటి పొగ చూడండి!"

"మరి కింద మూల పసుపుపచ్చగా ఉందేమిటండీ?" అన్నారు మూడో అంతస్తు లెక్చరర్ గారు.

కళ్ళు చికిలించాను. నిజమే. 1955 నాటి నలుపు తెలుపు సినిమాలో అలుక్కుపోయినట్టు ఓ పసుపు వెలుగు. తెలియదని చెప్పొచ్చు. కానీ వారం రోజులు చదివిన నోటికి ఆ మాట రాదు.

"అస్తమించే బాల్యం" అన్నాను.

"ఆహా!" అన్నారు. ఒకావిడ ఫోన్లో రాసుకుంది కూడా.

ముసలి ఇందిర్ చనిపోయినప్పుడూ పసుపు అక్కడే ఉంది. "జ్ఞాపకం" అన్నాను. జోరువానలో కూడా చెక్కు చెదరలేదు. "ఆశ" అన్నాను. ఆశ దగ్గర మా ఆవిడకి ఓపిక అయిపోయింది.

"ఏవండీ, అది మాగాయ మరక. వేసవిలో ముక్కలు ఎండబెట్టింది ఈ దుప్పటి మీదే. రెండుసార్లు ఉతికినా పోలేదు."

మేడంతా నవ్వు. సెక్రటరీ గారైతే ఫైటు చూసినంత ఆనందపడ్డారు. ఆ తర్వాత నేను నోరెత్తలేదు.

చివర్లో, దుర్గ పోయాక, కొబ్బరి చిప్పలో తమ్ముడు అపుకి ఓ పూసల దండ దొరుకుతుంది. నేను తీయలేదని అక్క చెప్పిన దండ. వాడు దాన్ని చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడిపోయి, మెల్లగా మళ్ళీ కమ్ముకుంటుంది. దీని మీద నా జేబులో రెండు పేజీల నోట్సుంది.

"అక్క మీద మాట పడకుండా దాచేశాడు, పిచ్చి నాన్న" అంటూ మా అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నోట్సు జేబులోనే ఉండిపోయింది.

భోజనాల దగ్గర పరువు కాస్త నిలబెట్టుకుందామని, "రాయ్‌కీ తిప్పలు తప్పలేదు. 1952లో ఆ రెల్లు పూల దగ్గర ఒకరోజు షూటింగ్ చేసి, వారానికి తిరిగి వెళితే పూలన్నీ పశువులు మేసేశాయట. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగాడు" అన్నాను.

అత్తగారు నా కంచంలో మాగాయ వడ్డిస్తూ, "ఆయన ఏడాది ఆగాడు బాబూ. మీరు కిందికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకునేదాకా ఆగలేకపోయారు" అన్నారు.