నుబ్రా ఇసుక చూడాలంటే ముందు లేహ్‌లో పడుకోవాలి

హైదరాబాద్‌లో రాత్రి బయల్దేరి, ఢిల్లీలో విమానం మారి, పొద్దున్నే లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగుతున్నారు మనవాళ్ళు. ఐదొందల చిల్లర మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి మూడున్నర వేల మీటర్లకు, ఒక్క పూటలో. మర్నాడే నుబ్రా లోయ అంటే మధ్యలో ఖర్దుంగ్ లా కనుమ దాటాలి. దాని ఎత్తు 5,359 మీటర్లు. (అక్కడి బోర్డు చాలాకాలం 18,380 అడుగులని గొప్పలు చెప్పింది. అసలు ఎత్తు 17,582.) గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో దాదాపు సగం. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడకముందే పైకెక్కితే ఎత్తు జబ్బు చేస్తుంది, ప్రయాణాలు చెడేది ఈ తొందర వల్లే.

ఈ దారినే లేహ్ నుంచి యార్కండ్ వెళ్ళే బిడారులకు నెల పైనే పట్టేది. ఇటు నుంచి నూలు బట్టలు, మసాలా దినుసులు వెళ్ళేవి. అటు నుంచి తివాచీలు, నమ్దాలు (ఉన్ని అదిమి చేసే పరుపులు), చరస్ వచ్చేవి. ముందున్న ససేర్ లా కనుమ దగ్గర చచ్చిన గుర్రాల ఎముకలే బాట ఆనవాళ్ళు. చైనాలో కమ్యూనిస్టుల పాలన వచ్చాక సరిహద్దు మూతపడింది. నుబ్రాలోని హుందర్ ఊళ్ళో సవారీకి నిలబడే రెండు మూపురాల ఒంటెలు ఆ బిడారుల మిగులే.

లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. మొదటి రోజు మెట్లెక్కడం, మందు కొట్టడం రెండూ వద్దు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర వాడదలిస్తే ఇంటి దగ్గరే డాక్టరును అడగాలి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి. కనుమ మీద పావుగంట చాలు, ఫొటో కోసం పరుగెత్తకండి. తలనొప్పికి మాత్ర మింగి పైకి సాగడం పెద్ద తప్పు. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ తిన్నగా నడవలేకపోతే ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి. చిన్న ఆక్సిజన్ డబ్బా ఆ పని చేయదు.

హుందర్ ఇసుక కొండల నుంచి వచ్చిందే. హిమానీనదాలు నూరిన ఇసుకను, రాతిపిండిని నదులు మోసుకొస్తాయి, నీరు తీశాక గాలి దాన్ని కుప్పపోస్తుంది. మధ్యాహ్నం దాటితే ఆ పొడి కళ్ళలోకి, కెమెరాలోకి దూరుతుంది. లెన్స్ గదిలోనే మార్చుకోవాలి. ఒంటె దగ్గరికి పొద్దున్నే వెళితే వరసా తక్కువ, గాలీ తక్కువ.

రాత్రి బసకు నుబ్రాలోని దిస్కిత్ ఊరు లేహ్ కంటే పల్లమే, నిద్ర పడుతుంది. 4,200 మీటర్లు దాటిన పాంగాంగ్ సరస్సు ఒడ్డున బస మాత్రం నుబ్రా తర్వాతే పెట్టుకోవాలి.