'ర' గారికి ఓ నాన్న ఫిర్యాదు

గౌరవనీయులైన 'ర' గారికి,

మిమ్మల్ని తిట్టడానికి కూర్చుంటే గౌరవంలోనూ మీరే, గారులోనూ మీరే. మీరు లేకుండా మర్యాద కుదరదు కాబట్టి మర్యాదగానే మొదలెడతాను.

ఆదివారం అత్తారింటి నుంచి తిరిగొస్తూ నర్సాపురం రేవులో అవతలి ఒడ్డుకి దాటించే పంటెక్కాం. పంటు నిండా బళ్ళు, చేపల తట్టలు, అంతర్వేది వెళ్ళే జనం. పిల్లని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టి, ఏడాదిగా మా ఇద్దరి మధ్యా నడుస్తున్న భాషలో, "అదిగో అమ్మలూ, గోదాలి!" అన్నాను. అది నా వంక జాలిగా చూసింది. "గోదాలి కాదు నాన్నా, గోదారి" అంది, పంటంతా వినబడేలా. అని ఊరుకుందా? "అను. గో... దా... రి." పక్కన తట్ట దగ్గర కూర్చున్నావిడ "ఆయ్, అనండి మరి" అంది. సఖినేటిపల్లి చేరేలోపు మూడుసార్లు అప్పజెప్పాను.

ఎప్పుడొచ్చారండీ మీరు? శనివారం రాత్రి దాకా లేరే! 'అమ్మ'కి పెదాలు కలిస్తే చాలు. మీకైతే నాలుక కొస పైపళ్ళ వెనక చటుక్కున తగిలి రావాలి, పిల్లలకి మీరు ఆఖర్నెప్పుడో వస్తారు, కంగారేం లేదని అందరూ భరోసా ఇచ్చారు. వసకొమ్ము అరగదీసి పిల్ల చేత నాకిస్తానని మా అమ్మ బయల్దేరితే నేనే అడ్డుపడ్డాను. దీనికి మొన్న సంక్రాంతికి మూడేళ్ళు నిండాయంతే.

మీరు లేనప్పుడు మా ఇల్లు ఎలా ఉండేదో తెలుసా? ఇది "ఒకటి, లెండు" అనగానే మా నాన్నగారు "లేచానమ్మా" అంటూ పడక్కుర్చీలోంచి లేచేవారు. ఊరు లావులపాలెం అంటే మా బావ పొట్ట తడుముకునేవాడు. "కూలలో కాలం ఎక్కువైంది" అని ఏడిస్తే మా అమ్మ, "నాక్కూడా గడవట్లేదే తల్లీ" అనేది.

ఇక చారు. ఓ రాత్రి అన్నంలో వేలితో గుంట చేసుకుని "చాలు, చాలు" అని అరిచింది. మా ఆవిడ గరిటె వెనక్కి తీసింది. ఇది ఇంకా గట్టిగా "చాలూ!" అంది. "సరే, చాలన్నావుగా, పొయ్యట్లేదుగా" అని ఆవిడ చారుగిన్నె వంటింట్లో పెట్టేసొచ్చింది. పిల్ల మొహం కందగడ్డయిపోయింది. గుంటలోకి వేలు పెట్టి చూపిస్తూ, "చాలు కాదు... చాలు!" అంది. ఆ రెండో చాలులో మీ కోసం అది పడ్డ అవస్థ చూసి, నవ్వు ఆగక నేను వీధిలోకి పోయాను.

ఆ చారు లాక్కున్నావు నువ్వు. అవును, నువ్వే. మర్యాద అయిపోయింది.

సోమవారం మధ్యాహ్నం పని మానుకుని, పూతరేకు చేత పట్టుకుని, "పూతలేకు అను, ఇస్తా" అని బతిమాలాను. "పూతరేకు" అంది, లాక్కుంది, తినేసింది. మూడోది తింటుండగా మా ఆవిడ వచ్చి ఇద్దర్నీ తిట్టింది. కాటన్ దొర 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర అంత గోదారికీ ఆనకట్ట కట్టేశాడు. నేను ఒక్క అక్షరాన్ని ఆపలేకపోయాను.

నీ తోడబుట్టిన బండి ఱని చూసి బుద్ధి తెచ్చుకోవయ్యా. అక్షరమాల చివర గౌరవంగా కూర్చుంది, ఎవరి నోట్లోకైనా జొరబడుతోందా? 'ళ' సంగతి సరేసరి, సగంమంది పెద్దాళ్ళకే రాదు.

నిన్న రాత్రి నా వీపెక్కి, చొక్కా కాలరు పట్టుకుని, "గుల్లం, నడు" అంది. చెవులు రిక్కించాను. మళ్ళీ అంది. గుల్లమే. అంటే ఒంటరిగా దూరిపోయావు గానీ జంటగా రావడం నీకింకా చేతకాలేదన్నమాట.

రాకు. వచ్చే సంక్రాంతి దాకా ఆ ఒక్క మాట జోలికి రాకు. నాలుగు కాళ్ళ మీద ఉండి అడుగుతున్నాను.

ఇట్లు,
లావులపాలెం గుల్లం