చక్రాల మీద చెక్క నేల: ముందుగా పొందవలసిన అనుమతులు

మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, తివాచీ పీకేసి చెక్క నేల వేయించుకోవాలన్న కోరిక ఎంతో గౌరవనీయమైనది. ఫోటోల్లో బాగుంటుంది, చీపురుకు లొంగుతుంది, కుక్క వాసన పట్టదు. చిక్కల్లా ఒకటే: ఈ కోరిక పుట్టినవారు బండి తమదే అనుకుంటారు. కాగితాల మీద తమదే, కాదనం. నేల మాత్రం నాలుగైదు శాఖల ఉమ్మడి ఆస్తి. ఏ ఒక్క సంతకం తగ్గినా ఫైలు వెనక్కి వస్తుంది, ఒక్కోసారి పలకలతో సహా.

ముందుగా స్టేపుల్ పిన్నుల శాఖ. చాలా బళ్లకు ఫ్యాక్టరీలో మొదట తివాచీ పరిచి, దాని మీద అల్మరాలు, సోఫా, భోజనాల బల్ల బిగిస్తారు. పిన్నులు కొట్టినవాడికి పిన్నుకింత అని కూలి కట్టారేమో అనిపించేలా కొడతారు. తివాచీని అల్మరా అంచు వెంట పదునైన కత్తితో కోసి, అడుగున ఇరుక్కున్న భాగాన్ని అక్కడే వదిలేయడం మర్యాద. అదీ రావాల్సిందే అని పంతం పడితే అల్మరా కూడా తోడొస్తుంది. పిన్ను ఒక కాలిని చదునైన స్క్రూడ్రైవర్‌తో లేపి, శ్రావణంతో పట్టుకుని మెలితిప్పుతూ లాగాలి. చాలావరకు సగంలో తెగుతాయి; తెగిన మొనను సుత్తితో లోపలికి దిగ్గొట్టాలి. ఒక్కటి తలెత్తి మిగిలినా, చెక్కలా కనిపించే ప్లాస్టిక్ రకమైన పల్చటి వినైల్ పలక పైకి బుడిపెలా తేలుతుంది. మిగిలినవాటిని పట్టుకోవడానికి వెడల్పాటి పుట్టీ బ్లేడును నేల మీద ఈడిస్తే చాలు, టక్కుమని చెబుతుంది. అరచెయ్యి కూడా చెబుతుంది గానీ, ఆ తర్వాత ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

తివాచీ లేచిన చోటల్లా, ముఖ్యంగా తలుపు దగ్గర, టాయిలెట్ చుట్టూ, మూలల్లో, ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. మొన దిగబడితే నేల కుళ్లినట్టే. నీరు ఎక్కడినుంచి దిగుతోందో పట్టుకుని ముందు దాన్ని ఆపి, ఆ తర్వాతే ఆ ముక్క కోసి మార్చాలి. కుళ్లు మీద కొత్త పలకలు పరిచేసి మరమ్మతు అనేవాళ్లున్నారు. అమ్మకానికి ముందు జరిగే అలంకారానికి ఆ పేరు బాగానే నప్పుతుంది.

ఇక అసలు అధికారి స్లైడ్‌అవుట్. బండి ఆపాక గోడతో సహా బయటికి జరిగే ఆ గది, ప్రయాణంలో లోపలికి వచ్చి ప్రధాన నేల మీదే కూర్చుంటుంది. దాని అడుగున ఉండే రోలర్లు, అరిగే పట్టీలు మీరు వేయబోయే అందాల మీదుగానే నడుస్తాయి. ఇక్కడ విద్యావంతులందరూ వేసే లెక్క ఒకటుంది: తివాచీ, దాని కింది స్పాంజి కలిపి 12 మిల్లీమీటర్లు, కొత్త పలక 8, కాబట్టి ఇంకా 4 మిగిలాయి. లెక్క తప్పు కాదు, తివాచీయే తప్పు. రోలరు ఎక్కగానే అది రెండు మూడు మిల్లీమీటర్లకు అణిగిపోయి దారిస్తుంది. పలక ఎవరికీ వంగదు. మిగిలాయనుకున్న 4 పోయి, గది ఐదారు మిల్లీమీటర్లు పైకి లేచి, పైకప్పు దగ్గర అంచుపట్టీలు ఒరుసుకుంటాయి, రబ్బరు సీళ్లు సరిగ్గా కూర్చోవు, తొలి వానకు నీళ్లు లోపలికి దిగుతాయి. అప్పుడు ఫైలు మళ్లీ కుళ్లు దగ్గరికే వెళ్తుంది.

అందుకే పలకలు కొనకముందే నమూనా ముక్కలు తెచ్చుకోవాలి. బండిని సమతలంలో నిలిపి, రసమట్టం పెట్టి సరిచూసుకుని, స్లైడ్ లోపల ఉన్నప్పుడు, సగంలో, పూర్తిగా బయట ఉన్నప్పుడు, ప్రతిసారీ రెండు చివరలా నడుమనా స్లైడ్ అడుగున ఆ ముక్కలు దూర్చి చూడాలి. రోలరు నడిచే బాటలో నేలకు అంటించకుండా ఒకదానికొకటి క్లిక్ అని తగులుకునే తేలియాడే పలకలు వేస్తే, బరువుకు వాటి కొక్కేలే ముందు విరుగుతాయి. ఆ బాటలో పల్చటి వినైల్‌ను పూర్తి జిగురుతో అంటించడం మేలు. బయటికి వెళ్లాక దిగి ప్రధాన నేలతో సమమయ్యే రకం స్లైడ్ అయితే, దాని అంచు ఎక్కిదిగే చోట ఒక్క మిల్లీమీటరు పెంచాలన్నా రెండుసార్లు ఆలోచించాలి.

అసలు సిసలు చెక్కే కావాలనే రసికులను తూకాల శాఖ పిలుస్తుంది. 19 మిల్లీమీటర్ల ఓక్ చదరపు మీటరుకు సుమారు 13, 14 కిలోలు. 12 చదరపు మీటర్లంటే 160 కిలోలు, అంటే దిగమన్నా దిగని ఇద్దరు బంధువులు. 4 మిల్లీమీటర్ల వినైల్ అందులో దాదాపు సగం. బండికి అతికించిన బరువు పరిమితి చీటీ చదివాకే పలకల రంగు గురించి చర్చించాలి.

ఎండది ఇంకో పేచీ. తలుపులు మూసి నిలిపిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం వింత కాదు, చలికాలంలో గడ్డకట్టే స్థితికీ దిగుతుంది. పలకలు వేడికి సాగి చలికి ముడుచుకుంటాయి కాబట్టి, తేలియాడే నేల చుట్టూ 6 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ సందును కప్పే బీడింగ్‌ను అల్మరాకే కొట్టాలి, నేలకు కాదు. సోఫాను పలకల మీద పెట్టి మరలు బిగిస్తే నేల అక్కడ బందీ అయి ఇంకోచోట ఉబుకుతుంది. సీటుబెల్టులున్న సీట్ల పాదాలు అసలు నేల మీదే ఆనాలి. పలకలను వాటి చుట్టూ కోసుకోవాలి. మేకులు కొట్టే ఉత్సాహం ఉన్నవారు నేల కింద నీళ్ల ట్యాంకు, తీగలు, గ్యాసు గొట్టం ఉంటాయని గుర్తుంచుకుంటే, మేకు ఎక్కడ తేలిందో వెతికే శ్రమ తప్పుతుంది. పలకల వారంటీ కాగితం కూడా ఓసారి తిరగేయండి. కదిలే బళ్లలో వేస్తే చెల్లదన్న వాక్యం చాలాసార్లు చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

గోడలు సమాంతరంగా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. అల్మరా అంచును నమ్మి మొదటి వరస వేస్తే చివరి వరస ఒకవైపు నాలుగు వేళ్లు, ఇంకోవైపు రెండు వేళ్లు తేలుతుంది. నడవా మధ్యలో సుద్దదారంతో గీత కొట్టి అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. ఇంటికైతే 10 శాతం అదనం సరిపోతుంది, ఇన్ని వంపులున్న బండికి 15 శాతం తీసుకోండి.

డ్రైవర్ పాదాల దగ్గర, ఇంజను మూత మీద మాత్రం తివాచీకి కొనసాగింపు ఉత్తర్వులు ఇవ్వవలసిందే. అక్కడ మందం పెరిగితే పెడల్‌కు, నేలకు మధ్య జాగా తగ్గుతుంది. మూత మీద చెక్క వేస్తే ఇంజను వేడీ మోతా నేరుగా లోపలికి వస్తాయి, మూత తీయాల్సిన రోజు మెకానిక్ మన అభిరుచిని వేరే మాటల్లో మెచ్చుకుంటాడు. కాబట్టి ఊడదీసిన తివాచీలో మచ్చలేని ముక్క ఒకటి దాచి ఉంచండి. అంచులు కుట్టించి, జారకుండా అడుగున కొక్కేలు తగిలించి, బ్రేకు కిందికి పాకే అవకాశం లేదని తేల్చుకున్నాకే దానికి ఆ పోస్టింగు ఇవ్వాలి.