నా తెరను మళ్ళీ 60కి దించినదెవరు?

ఈ ఉదయం గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవరు, అంటే ఆ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, వచ్చింది. కంప్యూటర్ ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. పైకి అంతా మామూలుగానే ఉంది కానీ, మౌస్ పట్టుకున్న క్షణం నుంచి చేతికి ఏదో బరువుగా తోచింది. పేజీని పైకి జరుపుతుంటే, జరిగినంతసేపూ అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అనుమానం వచ్చి సెట్టింగ్స్ తెరిచి చూస్తే, నేను నా చేత్తో 144 హెర్ట్జ్‌కు పెట్టుకున్న రిఫ్రెష్ రేటు 60 దగ్గర ఉంది. మార్చేముందు నన్ను అడగలేదు. మార్చిన తర్వాతనైనా తెర మీద ఒక్క వాక్యం చూపలేదు. సరిచేసుకోవడానికి అర నిమిషం పట్టింది, కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు, ఎందుకంటే ఈ మానిటర్ విషయంలో నాకు ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు.

రిఫ్రెష్ రేటు అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపుతుందో చెప్పే లెక్క. 60 హెర్ట్జ్ దగ్గర ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య 16.67 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది, 144 దగ్గర ఆ ఎడం 6.94కు తగ్గుతుంది. అంకెల్లో ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. అందుకే దీనిని నేను మౌస్ గుర్తుతో లెక్కపెట్టి చెబుతాను. 2560 పిక్సెళ్ళ వెడల్పున్న తెర మీద ఆ గుర్తును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సెకనులో జరిపితే, 60 దగ్గర అది ఒక్కో గెంతుకు దాదాపు 43 పిక్సెళ్ళు దూకుతుంది, 144 దగ్గర 18 పిక్సెళ్ళు మాత్రమే జరుగుతుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు ఆ గుర్తు వెంట కళ్ళు తిప్పేవారికి ఇది చిన్న విషయమని నేను ఒప్పుకోను.

నా కోపానికి అసలు కారణం వేరు. తెర ఎంత చేయగలదో కంప్యూటరుకు తెలియకపోతే నేను దానిని క్షమించేవాడిని. కానీ దానికి అంతా తెలుసు. కేబుల్ పెట్టిన మరుక్షణమే మానిటర్ తన వివరాలన్నీ రాసి ఉన్న ఒక చిన్న చిట్టాను కంప్యూటరుకు అందిస్తుంది. దాని పేరు ఈడీఐడీ. అందులోని మూల భాగం 128 బైట్లు మాత్రమే, అవసరమైతే దానికి అదనపు భాగాలు చేరుతాయి. తయారీదారు ఎవరో, తెర కొలతలేమిటో, ఏ రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఎన్నెన్ని పిక్సెళ్ళు) దగ్గర సెకనుకు ఎన్ని బొమ్మలు చూపగలదో అన్నీ ఆ చిట్టాలోనే ఉంటాయి. అందులో మొదట రాసి ఉన్న వివరాన్ని మానిటర్ కోరుకునే పద్ధతిగా కంప్యూటర్ తీసుకుంటుంది. చాలా మానిటర్లలో ఆ మొదటి వివరం 60 హెర్ట్జ్‌తోనే ఉంటుంది, ఎంత పాత యంత్రానికి తగిలించినా తెర నల్లగా మిగిలిపోకూడదన్నది అందుకు కారణం. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టడం లేదు. బొమ్మ సరిగ్గా వచ్చిన తర్వాత కూడా అక్కడే ఆగిపోవడాన్ని తప్పుపడుతున్నాను. 144 అని రాసి ఉన్న వివరం అదే చిట్టాలో కింద ఉంది, కంప్యూటర్ దానిని చదివింది, మనం వెతుక్కుంటూ వెళ్ళి తెరిస్తే జాబితాలో చూపుతుంది కూడా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ అడగాలని తెలియని మనిషి ఏమడుగుతాడు?

మొదటిసారి నాకు జరిగింది ఇదే, ఇంతకంటే ఘోరంగా. ఈ మానిటర్ కొన్నప్పుడు డబ్బా మీద అరచేయంత అక్షరాలతో 144 అని రాసి ఉంది. డబ్బాలో ఉన్నది ఒకే ఒక్క కేబుల్, అది హెచ్‌డీఎంఐ. దానితోనే కలిపాను, బొమ్మ వచ్చింది, సంతోషించాను. దాదాపు రెండేళ్ళు అలాగే వాడాను. తర్వాత ఒక మిత్రుడి ఇంట్లో అతని తెర మీద ఏదో పేజీ చదువుతూ, అక్షరాలు కదులుతున్నప్పుడు కూడా చదవగలుగుతున్నానని గమనించి, నా తెర ఎందుకు అలా లేదని మొదటిసారి ఆలోచించాను. ఇంటికి వచ్చి సెట్టింగ్స్ చూస్తే 60 ఉంది. సరే, మారుద్దామని జాబితా తెరిస్తే అందులో 144 అన్నదే లేదు. మానిటర్‌తో వచ్చిన చిన్న పుస్తకం ఆఖరి పేజీల్లో, భూతద్దం పెట్టి చదవవలసిన అక్షరాల్లో అసలు సంగతి దొరికింది. ఈ మానిటర్ హెచ్‌డీఎంఐ రంధ్రం 1.4 తరానిది, దాని ద్వారా పూర్తి రిజల్యూషన్ దగ్గర 60 వరకే వెళ్ళగలదు, 144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ అనే మరో రకం రంధ్రాన్నీ, దాని తీగనూ వాడాలి.

144 అని పేరు పెట్టి అమ్మిన వస్తువుతో, ఈ మానిటర్ మీద 144ను ఎన్నటికీ చూపలేని తీగను మాత్రమే ఇచ్చారు. ఇది పొరపాటు కాదు. ఏ రంధ్రం ఎంత మోయగలదో ఆ పుస్తకం రాసినవారికి తెలుసు, డబ్బాలో ఏ తీగ పెట్టాలో నిర్ణయించినవారికీ తెలుసు, తెలియనివాడిని నేనొక్కడినే. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా, "మీకు బొమ్మ వస్తోంది కదండీ, మానిటర్ బాగానే పనిచేస్తోంది" అన్నాడు. బొమ్మ రావడమే చాలనుకుంటే నేను మామూలు 60 హెర్ట్జ్ తెరే కొనుక్కునేవాడిని కదా అని అడిగితే సమాధానం లేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇందులో దాపరికానికి చోటే లేదు, లెక్క చాలా సులువు. నా తెర వెడల్పు 2560 పిక్సెళ్ళను ఎత్తు 1440తో, దానిని 144తో, ఆ వచ్చిన దానిని ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లతో గుణిస్తే సెకనుకు 12.7 గిగాబిట్లు దాటుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 నిజంగా మోయగల సమాచారం సెకనుకు 8.16 గిగాబిట్లు. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 17.28 మోస్తుంది. ఏది సరిపోతుందో, ఏది సరిపోదో పదో తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. 4కే (3840 × 2160 పిక్సెళ్ళ) తెరను పాత హెచ్‌డీఎంఐతో కలిపినవారికి 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోవడం కూడా ఇందువల్లనే. ఇక కొత్త తరం వచ్చింది కాబట్టి ఈ గందరగోళం పోయిందని ఎవరైనా అనుకుంటే, అదీ నిజం కాదు. హెచ్‌డీఎంఐ 2.1 గరిష్ఠంగా సెకనుకు 48 గిగాబిట్లు మోయగలదు కానీ, ఆ నియమావళిలోని కొత్త సౌకర్యాలు చాలావరకు ఐచ్ఛికాలు. ఒక పరికరం మీద 2.1 అని రాసి ఉన్నంత మాత్రాన అది 48 మోస్తుందని అర్థం కాదు. అంకె చూసి కొనేవాడికి ఆ అంకె ఏ భరోసా ఇవ్వకపోతే దానిని ముద్రించడం దేనికి?

డిస్‌ప్లేపోర్ట్ తీగ విడిగా కొని తెచ్చి పెట్టాను. అయినా తెర 60 దగ్గరే వెలిగింది. ఈసారి జాబితాలో 144 ఉంది, కానీ ఎంచుకోవలసింది మళ్ళీ నేనే. ఈ ఉదయం దానిని తిరిగి 60కి దించినప్పుడు నాకు గుర్తుకు వచ్చినవి ఆ రెండేళ్ళూ, ఆ ఫోన్ సంభాషణా.

"మనిషి కంటికి 60కి మించి తెలియదు, నీది వట్టి భ్రమ" అనేవారికి కూడా ఈరోజే సమాధానం చెప్పాలి. కంటికి తెలియకపోతే, ఈ ఉదయం ఏ అంకే చూడకుండా, మౌస్ కదిపిన వెంటనే తేడా నాకెలా తెలిసింది? పాత గాజుబుడ్డి మానిటర్ల కాలంలో 60 హెర్ట్జ్ దగ్గర తెర మినుకుమినుకుమంటుంటే కళ్ళు లాగి, అందరూ 75కో 85కో పెంచుకునేవారు. అప్పుడు తప్పు జరిగితే కన్నే పట్టించేది. ఇప్పటి ఎల్‌సీడీ తెర ఒక బొమ్మను తర్వాతి బొమ్మ వచ్చేదాకా అలాగే నిలిపి ఉంచుతుంది కాబట్టి మినుకు లేదు. కదలని పేజీ 60లోనూ 144లోనూ ఒకేలా కనిపిస్తుంది. బొమ్మ కదిలినప్పుడే తేడా బయటపడుతుంది, పక్కన పోల్చుకోవడానికి ఇంకో తెర లేనివారికి అది బయటపడే అవకాశమే తక్కువ. అందుకే ఎందరో కొన్నదానిలో సగం కూడా వాడకుండా, వాడుతున్నామనే నమ్మకంతో ఏళ్ళు గడుపుతున్నారు.

కాబట్టి దయచేసి ఇప్పుడే చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి, అందులో సిస్టమ్, తర్వాత డిస్‌ప్లే, ఆ కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అన్నచోటికి వెళ్ళాలి. ఒకటికి మించి తెరలు ఉంటే ముందు పైన సరైన తెరను ఎంచుకోండి, ఇది మరిచిపోయి పక్క తెర అంకెను చూసి నిశ్చింతగా ఉండిపోయినవారు నాకు తెలుసు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్ దగ్గర ఉంటుంది. లినక్స్‌లో ఎక్స్11 అనే తెర వ్యవస్థ వాడేవారు టెర్మినల్‌లో ఎక్స్‌ర్యాండ్ఆర్ (xrandr) ఆదేశం ఇస్తే, ఇప్పుడు నడుస్తున్న రేటు పక్కన నక్షత్రం గుర్తు (*) కనిపిస్తుంది. జాబితాలో 59.94 లాంటి వింత అంకె కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది 1953లో అమెరికాలో రంగుల టెలివిజన్ కోసం 60ని 1.001తో భాగించి స్థిరపరచిన అంకె, దాని నీడ ఇప్పటికీ మన తెరల మీద ఉంది.

అక్కడ 144 కనిపించినంత మాత్రాన పని పూర్తయిందని అనుకోకండి. కంప్యూటర్ తాను పంపుతున్నానని చెప్పే అంకె వేరు, మానిటర్‌కు నిజంగా అందుతున్న అంకె వేరు కావచ్చు. విండోస్ కూడా అదే పేజీలో డెస్క్‌టాప్ మోడ్ అని ఒకటి, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని మరొకటి చూపుతుంది, మీకు కావలసింది రెండోది. అంతకంటే నమ్మదగినది మానిటర్ సొంత మెనూ. దాని అంచునో వెనుకో ఉండే మీట నొక్కి, సమాచారం అన్న భాగం తెరిస్తే, తనకు అందుతున్న సంకేతం ఎన్ని హెర్ట్జ్‌లదో అదే చెబుతుంది. కొన్ని మానిటర్లలో గరిష్ఠ రేటు కోసం ఓవర్‌క్లాక్ (మామూలు వేగాన్ని మించి నడపడం) అన్న వికల్పాన్ని అదే మెనూలో ముందు తెరవాలి, అప్పటిదాకా ఆ పెద్ద అంకె కంప్యూటర్ జాబితాలోకే రాదు. రేటు మారుతూ ఉండే సౌకర్యం తెరిచి ఉంచి ఆట ఆడుతున్నప్పుడు మాత్రం మానిటర్ చూపే అంకె ఎగుడుదిగుడుగా ఉంటుంది, అది దోషం కాదు.

ఓవర్‌క్లాక్ చేసిన తెరల్లో ఇంకో తిరకాసు ఉంది. సంకేతాన్ని, ఉదాహరణకు, 165 దగ్గర ఒప్పుకుని, మధ్యమధ్య కొన్ని బొమ్మలను చూపకుండా వదిలేసే తెరలున్నాయి. సెట్టింగ్స్‌లో అంకె సరిగ్గానే ఉంటుంది, కంటికి అందేది తక్కువ. దీనిని పట్టుకోవడానికి బ్లర్ బస్టర్స్ వారి టెస్ట్ యూఎఫ్ఓ అనే వెబ్‌సైటులో ఒక పరీక్ష ఉంది. గళ్ళ మీద ఒక తెల్లని గడి వరసగా జరుగుతూ ఉంటుంది. కెమెరా షట్టరును సెకనులో పదో వంతు సేపు తెరిచి ఉంచి దానిని ఫొటో తీయండి. వెలిగిన గళ్ళన్నీ పక్కపక్కనే ఆనుకుని ఉంటే తెర నిజం చెబుతోంది. నడుమ చీకటి గళ్ళు పడితే అది బొమ్మలను వదిలేస్తోంది. నాకు తెలిసినంతలో ఇంటి దగ్గర మామూలు కెమెరాతో చేయగల పరీక్షల్లో ఇంత నిక్కచ్చిది మరొకటి లేదు.

ఇంత చేసినా ఆటలు తమ సొంత సెట్టింగ్స్‌లో 60నే పట్టుకుని కూర్చోవచ్చు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు పొదుపు పేరుతో రేటు దానంతట అదే తగ్గవచ్చు. కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు రంధ్రానికి పెట్టినవారూ ఉన్నారు. ఇవన్నీ మామూలు మనిషి ఒక్కొక్కటిగా వెతికి, చదివి, ఫొటోలు తీసి తెలుసుకోవాలి. కంప్యూటరుకు మాత్రం తెర చూపగలిగేదీ, ఇప్పుడు నడుస్తున్నదీ, రెండు అంకెలూ ముందే తెలుసు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. కొత్త తెర కలిపినప్పుడు, డ్రైవరు మారినప్పుడు, "ఈ తెర 144 వరకు చూపగలదు, ఇప్పుడు 60 దగ్గర ఉంది, మార్చమంటారా?" అన్న ఒక్క ప్రశ్న వేయాలి. మార్చిన తర్వాత బొమ్మ రాకపోతే పదిహేను సెకన్లలో పాతదానికి తిరిగి వెళ్ళే ఏర్పాటు ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే, కాబట్టి భయపడవలసిందీ లేదు. అలాగే డబ్బా మీద ఏ అంకె ముద్రిస్తారో ఆ అంకెను మోయగల కేబుల్‌నే డబ్బాలో పెట్టాలి. అది కుదరకపోతే ఆ అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ఏ రంధ్రానికి ఏ తీగ కావాలో రాయాలి.

ఇది చదివినవారు ఇప్పుడే ఒకసారి చూసి, డబ్బా మీద ఎంత ఉందో, సెట్టింగ్స్‌లో ఎంత ఉందో, మానిటర్ మెనూ ఎంత చెబుతోందో, మూడు అంకెలూ కింద రాయండి. జాబితాలో పెద్ద అంకె కనిపించనివారు ఏ కేబుల్ వాడుతున్నారో కూడా రాస్తే, ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.